తాగాడన్న మాట

"తాగాడా, కొడుతుంటే ఎక్కిందా?"

డాక్టర్ రహమతున్నీసా అడిగింది అంతే. తోమా కంటిరెప్పను బొటనవేలితో పైకెత్తి, టార్చి వేసి చూస్తూ, ఎవరి మొహమూ చూడకుండా అడిగింది. తోమా కంటిపాపలు ఆవగింజలంత అయిపోయి ఉన్నాయి. నోటి చివర నుంచి చొంగ తీగలా సాగుతోంది. తొడల కండరాలు చర్మం కింద వాటంతటవే గిలగిలా కొట్టుకుంటున్నాయి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి గదిలో ఒక్కడే ఉన్నాడు. గుమ్మనపాలెం హైస్కూల్లో సోషల్ మాస్టారు శివరామకృష్ణ.

వినుకొండ బస్టాండు వెనక సందులో ఉంది ఆ నర్సింగ్ హోమ్. ఊరి నుంచి పద్నాలుగు కిలోమీటర్లు తోమా తలను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాడు శివరామకృష్ణ. దారి పొడుగునా "తోమా, ఒరేయ్ తోమా, కళ్ళు తెరువురా" అంటూనే ఉన్నాడు. వాడు బతకాలని ఆ పద్నాలుగు కిలోమీటర్లలో అతను కోరుకున్నంత గట్టిగా ఇంకెవరూ కోరుకుని ఉండరు. అందులో అబద్ధం లేదు.

"తాగాడండి," అన్నాడు.

మాట బయటికి వచ్చాక గానీ అతను దాన్ని వినలేదు. కొడుతుంటే ఎక్కిందంటే వెనకాలే ఇంకా ప్రశ్నలుంటాయి. ఎవరి చేను? ఏం మందు? ఎన్ని కలిపారు? మిట్టమధ్యాహ్నం ఎందుకు పంపారు? తాగాడంటే ప్రశ్నలన్నీ మంచం మీదున్న మనిషి వైపు తిరుగుతాయి. ఇదంతా ఆ క్షణంలో ఆలోచించి అన్నాడని కాదు. తనకు ఏ మాట క్షేమమో అతని నోటికి ముందే తెలిసినట్టుంది.

"పొట్ట కడగాలి. గొట్టం పట్రామ్మా, తొందరగా," అంది డాక్టరు.

నర్సు తోమా ముక్కులోంచి గొట్టం దించింది. ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. గ్లాసు గ్లాసు నీళ్ళు పోసి, గొట్టం కిందికి వంచి బేసిన్లోకి తీశారు. పొద్దున తిన్న గోంగూర మెతుకులు వచ్చాయి. తరవాత తేట నీళ్ళు వచ్చాయి. డాక్టరు వంగి బేసిన్ వాసన చూసింది. ఏదో అనబోయి, పక్క గదిలోంచి పిలుపు రావడంతో లేచి వెళ్ళిపోయింది. నర్సు పావుగంటకోసారి సూది వేస్తూ కూర్చుంది. శివరామకృష్ణ ఆ బేసిన్‌నే చూస్తూ నిలబడ్డాడు. ఆ నీళ్ళంత తేటగా ఉన్నది ఆ గదిలో ఇంకేమీ లేదు.

తోమా భార్య ఎలీసమ్మ నాలుగు గంటలకు వచ్చింది. వేరే వాళ్ళ మిరపచేలో కలుపు తీస్తుంటే ఎవరో చెప్పారట. చేతులకు మట్టి అలాగే ఉంది. ఏడవలేదు. మంచం పక్కన కూర్చుని మొగుడి తల కిందకి చెయ్యి పోనిచ్చింది. అప్పటికి తోమా కాస్త కుదుటపడి, మళ్ళీ ఎందుకో దిగజారడం మొదలుపెట్టాడు. ఊపిరి గుర్రుమంటోంది. ఎంత సూది మందు వేసినా చొంగ మళ్ళీ ఊరుతోంది.

"ఈయన వీపు తడిగా ఉందేంటమ్మా?" అంది ఎలీసమ్మ.

"చెమట," అంది నర్సు.

ఎలీసమ్మ చెయ్యి బయటికి తీసి వాసన చూసుకుంది. "చెమట కాదమ్మా ఇది."

నర్సు పిలిస్తే డాక్టరు వచ్చింది. ఎలీసమ్మ అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఆ వెంటనే ఆమె గొంతు గదంతా మోగింది. "చొక్కా విప్పండి! లుంగీ తీసెయ్యండి! ఇంతసేపూ మందు ఒంట్లోకి ఇంకుతూనే ఉంది! సబ్బు, బకెట్!"

చొక్కా విప్పుతుంటే చర్మానికి అతుక్కుపోయి వచ్చింది. మెడ కింద నుంచి నడుము దాకా కాలినట్టు ఎర్రగా ఉంది. ఎలీసమ్మ సబ్బు రుద్ది, కడిగి, మళ్ళీ రుద్ది కడిగింది. మూడు బకెట్లు అయ్యాయి. ఎక్కడా ఆగలేదు. చంకల కింద, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, పసిపిల్లాడికి పోసినట్టు పోసింది. శివరామకృష్ణ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రెండింటికి తను ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే ఈ బకెట్లు అప్పుడే వచ్చి ఉండేవి.

డాక్టరు చేతులు తుడుచుకుంటూ అతని వైపు తిరిగింది. "మాస్టారూ, ఇతను తాగడం మీరు చూశారా?"

"చేను గట్టున పడి ఉన్నాడండి. పక్కనే మందు సీసా ఉంది."

సీసా ఉన్న మాట నిజమే. మందు కలిపిన దగ్గర సీసా ఉండక ఎక్కడుంటుంది?

"తాగేటప్పుడు మీద ఒలకబోసుకున్నాడేమో," అంది ఆవిడ, సగం తనలో తను.

"ఒలికే ఉంటుందండి," అన్నాడు శివరామకృష్ణ. మొదటిది నోరు జారి వచ్చిన మాట అనుకోవచ్చు. ఇది మాత్రం తెలిసి అన్నదే. ఎలీసమ్మ తలెత్తి అతని మొహంలోకి చూసింది. చూసి, మళ్ళీ బకెట్టు అందుకుంది.

సాయంత్రం కానిస్టేబుల్ నాగూర్ వలి కాగితాలు పట్టుకుని వచ్చాడు. మాస్టారిని చూడగానే నిలబడిపోయి నమస్కారం పెట్టాడు. "ఏడు, ఎనిమిది మీ దగ్గరే చదివానండి. గుర్తున్నానా? మీరు చెప్పాక ఇంకేముందండీ, మీరు చెప్పినట్టే రాస్తాను. ఆత్మహత్యాయత్నం కింద కట్టాలి గానీ, మందలించి వదిలేస్తాం లెండి." రాసి, చదివి వినిపించి, పెన్ను అందించాడు. సాక్షి సంతకం శివరామకృష్ణ గుండ్రని అక్షరాలతో పెట్టాడు.

తోమా బతికాడు.

మొదటి రెండు రోజులూ ఇంజెక్షన్ల మత్తులో గాలిలోంచి ఏదో ఏరుతున్నట్టు వేళ్ళు కదిలిస్తూ ఉన్నాడు. పత్తి తీస్తున్నాడేమో అంది నర్సు. ఐదో రోజు ఇంటికి పంపించారు. బిల్లు శివరామకృష్ణే కట్టాడు. కూలివాడి కోసం ఎవరు కడతారు ఈ రోజుల్లో అని ఊరు చెప్పుకుంది. రసూల్‌బీ టీకొట్టు దగ్గర అతను కనపడితే బెంచీ మీద జరిగి చోటిచ్చారు. ఆ చోటులో కూర్చుని అతను విన్నాడు, తోమా ఎందుకు తాగాడన్నదానికి ఊరు కారణాలు కడుతుంటే. పెళ్ళాంతో గొడవట. దాని నోరు అలాంటిదట. పొదిలి వైపు పిల్ల, ఆ వైపు వాళ్ళకు మాట పెళుసట. ఒకాయనైతే ఆ రోజు తెల్లారుజామున వాళ్ళింట్లో కేకలు విన్నానని కూడా చెప్పాడు. తోమా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఊరంత దూరం. శివరామకృష్ణ టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. 'అదేం కాదు' అన్న రెండు మాటలు గొంతు దాకా వచ్చాయి. వాటి వెనక ఎన్ని మాటలు చెప్పాల్సి వస్తుందో తలుచుకుని మింగేశాడు.

దసరా సెలవులింకా ఉన్నాయి. తన చేనుకు వెళ్ళాడు. నాలుగు ఎకరాల పత్తి నడుము దాకా ఎదిగి, చూడ్డానికి పచ్చగా కళకళ్ళాడుతోంది. ఏ కాయ తుంచి చూసినా లోపల పచ్చపురుగు చుట్ట చుట్టుకుని ఉంది. ఆ సంవత్సరం అది ఏ మందుకీ చావడం లేదు. రెండు మందులు కలిపితే చావలేదని మూడు కలిపారు. ఆ రోజు తోమా వీపున ఉన్నది మూడు కలిపిన మందే. భార్య బసవమ్మ గట్టు మీద మందు కొట్టే డబ్బాను బోర్లించి కడుగుతోంది.

"మూత దగ్గర కారుతోందండీ ఇది," అంది.

"ఊఁ."

"అతని వీపు మీదికే కారి ఉంటుంది."

శివరామకృష్ణ ఇంకో కాయ తుంచాడు. బసవమ్మ కాసేపు చూసింది. "మీరు రెండు రోజుల్నించి అన్నం సరిగ్గా తినట్లేదు," అని, డబ్బాను ఎండకు పెట్టి వెళ్ళిపోయింది. ఏమీ తెలియక ఊరుకుందో, తెలిసే ఊరుకుందో అతను అడగలేకపోయాడు.

ఆ సాయంత్రం తోమాను చూడ్డానికి వెళ్ళాడు. కాలనీలో రెండో వరస చివరి ఇల్లు. తోమా అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళ మనిషి వారంలో అరవై ఏళ్ళవాడైపోయాడు. మాస్టారిని చూసి లేవబోయి, కాళ్ళు నిలవక గోడ పట్టుకున్నాడు.

"కూర్చో, కూర్చో."

"తప్పైపోయిందండి," అన్నాడు తోమా.

"ఏంటి తోమా?"

"మీ చేలో ఆ పని చేశాను. ఇంకెక్కడైనా పోయి చావకుండా మీకు చెడ్డపేరు తెచ్చాను. ఎందుకు తాగానో ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదండి. సాలు మధ్యలో నడుస్తున్నట్టు గుర్తు, అంతే. తరవాత అంతా చీకటి. అందరూ తాగావంటున్నారు. తాగే ఉంటాను." దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "మనసులో లేంది చెయ్యి చేయదు కదండీ. నా మనసులో ఎక్కడో ఉండే ఉంటుంది చావాలని. అదేంటో నాకే తెలీట్లేదు. ఎల్లుండి ఆదివారం సంఘంలో ఒప్పుకోమన్నారు పాస్టరుగారు. ఒప్పుకుంటేనే ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె తీసుకోడానికి రానిస్తారు."

లోపల ఎలీసమ్మ చేట మీద బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి మళ్ళీ మొదలైంది.

శివరామకృష్ణ లేచాడు. "ఒళ్ళు జాగ్రత్త," అని మాత్రం అనగలిగాడు.

ఆ మర్నాడు శనివారం వినుకొండ కల్యాణమండపంలో రైతు సదస్సు. నెల కిందటే ఒప్పుకున్నది. రైతుల మీద అతను అప్పుడప్పుడూ పత్రికలకు రాసేవాడు. ఏ సంగతినైనా విడిగా చూడకూడదు, అన్నిటితో కలిపి చూడాలి అనేది అతను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెప్పే పాఠం. ఆ రోజు కూడా అదే మాట్లాడాడు. కాగితం చూడాల్సిన అవసరం లేకపోయింది.

"పురుగుకు మందు కొడుతున్నాం. ఆ పురుగును తినే పిట్ట చచ్చింది, సాలీడు చచ్చింది. పురుగు మాత్రం ముదిరింది. ఎక్కువ కొట్టమని షాపువాడు చెప్పాడు. అతనికి కంపెనీ చెప్పింది. ఒకటే పంట వేయమని ధర చెప్పింది. ఆ ధర ఎక్కడో సముద్రాల అవతల నిర్ణయమవుతోంది. జొన్న పోయింది, కంది పోయింది, పెసర పోయింది. వాటితోపాటు పశువు పోయింది, పశువుతో పెంట పోయింది, పెంటతో నేల సారం పోయింది. మందు ఎక్కి పడిపోయిన ప్రతి మనిషి వెనకా ఈ గొలుసంతా ఉంది. ఒక్కణ్ణి పట్టుకుని నువ్వు దోషివంటే, మనం ఆ గొలుసు చూడలేదన్నమాట."

చప్పట్లు కొట్టారు. అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. చెబుతుండగా ఎంతో హాయి అనిపించింది. ఆ వారంలో మొదటిసారి ఊపిరి నిండా ఆడింది.

మూడో వరసలోంచి చెంచురామయ్య లేచాడు. గుమ్మనపాలెమే, మాస్టారికి వరసకు బాబాయి. కండువా భుజాన సర్దుకుని, గట్టిగా అడిగాడు.

"అంతా బాగా చెప్పావు అబ్బాయ్. మరి తప్పెవరిది?"

"అందరిదీ బాబాయ్."

"అందరిదీనా? అయితే నిశ్చింతగా ఇంటికెళ్ళి అన్నం తినొచ్చన్నమాట!"

హాలంతా గొల్లున నవ్వింది. శివరామకృష్ణ కూడా నవ్వాడు. చెంచురామయ్య తమాషాకే అన్నాడు, ఆయనకు వేరే ఉద్దేశం ఏమీ లేదు. కానీ తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక శివరామకృష్ణకు ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదు. రోడ్డుకు రెండు వైపులా పత్తి. అక్కడక్కడ వీపున డబ్బాలతో మనుషులు, గాలికి ఎదురుగా. తను చెప్పిన గొలుసు నిజమే. కంపెనీ నిజమే, ధర నిజమే, చచ్చిపోయిన పిట్ట నిజమే. కానీ చూపు పెద్దదయ్యే కొద్దీ అందులో తను చిన్నవాడవుతూ, చివరికి కనపడకుండా పోయాడు. ఇరవై ఏళ్ళుగా కూడగట్టుకున్న ఆలోచనంతా ఆ వారం అతను దాక్కోవడానికి పనికొచ్చింది. 'తాగాడండి' అని కంపెనీ అనలేదు. సముద్రం అవతలివాడెవడూ అనలేదు.

ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళాడు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగి నలభై ఆరేళ్ళు వచ్చినా ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. రేకుల షెడ్డు, చాపలు, ఓ వైపు ఆడవాళ్ళు, ఓ వైపు మగవాళ్ళు. పాట మధ్యలో ఆగింది. పాస్టరు ఇమ్మానియేలు గబగబా వచ్చి, "రండి మాస్టారూ, రండి," అని ఎవరినో కేకేసి ఉన్న ఒక్క కుర్చీ వేయించాడు. మంచి మనిషి. తోమా కోసం ఆసుపత్రిలో రెండు రాత్రులు కాపలా ఉన్నది ఆయనే. తోమా ముందు వరసలో కూర్చుని ఉన్నాడు, ఉతికిన తెల్ల చొక్కాలో.

శివరామకృష్ణ కుర్చీలో కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన గొంతు, నాలుగు మాటలకే తడబడింది.

"తోమా మందు తాగలేదు. కొడుతుంటే ఎక్కింది. డబ్బా కారి ఒళ్ళంతా తడిసింది. తాగాడని డాక్టరుకి చెప్పింది నేను. పోలీసులకీ నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను."

రేకుల మీద కాకి నడిచిన చప్పుడు వినపడింది. తోమా మెల్లగా ఇటు తిరిగాడు.

"నేను తాగలేదా మాస్టారూ?"

"లేదు తోమా."

"తాగలేదా?" మళ్ళీ అడిగాడు, సరిగ్గా వినపడలేదన్నట్టు. తరవాత తన రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకున్నాడు. ఆ చేతులు అంతవరకు ఎవరివో అయినట్టు, ఇప్పుడు తిరిగి వచ్చినట్టు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

పాస్టరు ముందుకొచ్చి, "దేవుడికి స్తోత్రం. పశ్చాత్తాపపడిన వాళ్ళని ఆయన..." అంటుండగా ఆడవాళ్ళ వైపు నుంచి ఎలీసమ్మ లేచింది.

"ఒక్క నిమిషం అయ్యగారూ. నాకు ముందే తెలుసు మాస్టారూ. ఆ వీపు కడిగిందాన్ని, నాకు తెలీదా? తెలివొచ్చిన రోజు రాత్రే ఈయనకి చెప్పాను. మర్నాడూ చెప్పాను. నమ్మలేదు. 'మాస్టారు అబద్ధం ఎందుకు చెప్తారే' అన్నాడు. కట్టుకున్నదాన్ని నేను చెప్తే నమ్మలేదు, తన ఒళ్ళు తనకి చెప్తే నమ్మలేదు, మీ మాట నమ్మాడు."

శివరామకృష్ణ ఆమె వైపు తిరిగాడు. "నువ్వు డాక్టరమ్మకి ఎందుకు చెప్పలేదు ఎలీసమ్మా?"

"చెప్పానండి. మాస్టారు చూశానంటున్నారుగా అన్నారు." ఆమె కొంగు నడుముకు దోపుకుంది. గొంతు పెద్దది చేయలేదు. "ఇప్పుడు ఇక్కడికొచ్చి చెప్పారు. ఇక్కడ చెప్తే మీకేం పోద్దండీ? మావాళ్ళు కుర్చీ వేశారు. ఇంటికెళ్ళేటప్పుడు దండం కూడా పెడతారు. ఆ మాట మీరు ఇక్కడ అనలేదుగా. పోలీసు కాయితంలో ఉంది. మీ బజార్లో టీకొట్టు కాడ ఉంది. వారం నుంచి నేను నీళ్ళకెళ్తుంటే నా వెనకాల ఉంది, మొగుడు మందు తాగేదాకా తెచ్చిందని. అది ఎక్కడెక్కడ ఉందో అక్కడికెళ్ళి చెప్పండి."

పాస్టరు బైబిల్లో వేలు అలాగే పెట్టుకుని, తల వంచి నిలబడ్డాడు.

సోమవారం పొద్దున శివరామకృష్ణ రసూల్‌బీ టీకొట్టు దగ్గరికి వెళ్ళాడు. బెంచీ మీద చోటిచ్చారు. కూర్చోకుండానే చెప్పాడు. కుర్చీ వేసినవాళ్ళ ముందు చెప్పినంత సులువుగా రాలేదు. ఇక్కడున్నది తన మేనమామలు, తన బాబాయిలు, రేపు తన కూతురి పెళ్ళికి రావాల్సినవాళ్ళు. పొయ్యి మీద పాలు పొంగినా రసూల్‌బీ చూసుకోలేదు.

చెంచురామయ్య ముందుగా తేరుకున్నాడు. అతన్ని పక్కకు లాక్కెళ్ళాడు. "ఒరేయ్, ఎవరడిగారురా నిన్ను? వాడు బతికాడు, నువ్వు బిల్లు కట్టావు, అయిపోయింది. ఇప్పుడు కాయితం మీదకి ఎక్కించావంటే రేపు అందరి మెడకీ చుట్టుకుంటది. నా చేలో కొట్టేది ఎవరు, ఇలాంటి కూలివాడు కాదూ? నా డబ్బా కారదా?"

"తప్పెవరిదని అడిగావుగా బాబాయ్ మొన్న."

"సభలో అడిగానురా! సభలో మాట వేరు!"

ఆయన కోపంలో భయం ఉంది. శివరామకృష్ణకు ఆ భయం బాగా తెలుసు. వారం రోజులుగా తనతోపాటు తిని, పడుకుని, లేచింది అదే. ఆయన చెయ్యి మెల్లగా విడిపించుకుని ఆటో ఎక్కాడు.

వినుకొండ పోలీస్ స్టేషన్లో నాగూర్ వలి కంగారుపడ్డాడు. "ఎందుకండీ మాస్టారూ, అది మూసేశాం. ఇప్పుడు ఇలా రాసిస్తే తప్పుడు సాక్ష్యం చెప్పానని మీరే ఒప్పుకున్నట్టు. ఉద్యోగంలో ఉన్నారు. ఎస్సైగారు ఊరుకున్నా మీ డిపార్టుమెంటు ఊరుకోదు."

"కాగితం ఇవ్వు వలీ."

బల్ల చివర కూర్చుని రాశాడు. రాసి ఇచ్చాడు. నాగూర్ వలి పెదాలు కదుపుతూ చదివాడు. 'ఆ రోజు మధ్యాహ్నం చేలో మందు కొట్టడం జరుగుతుండగా, డబ్బా నుంచి మందు కారి, ఎండ తీవ్రత వల్ల తోమాకు ఎక్కడం జరిగింది. పొరపాటున తాగినట్టుగా చెప్పడం జరిగింది.'

చదివి, మొహమాటంగా తల గోక్కున్నాడు. "ఇందులో మీరెక్కడున్నారండీ?"

శివరామకృష్ణ కాగితం తీసుకుని చూశాడు. నిజమే, ఎక్కడా లేడు. అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. కొట్టివేసి, ఇంకో కాగితం అడిగాడు. ఈసారి చేను నాది అని మొదలుపెట్టాడు. మూడు మందులు కలపమన్నది నేను. మధ్యాహ్నం పూట పంపింది నేను. తాగలేదని తెలిసీ తాగాడని చెప్పింది నేను. చిన్న పిల్లాడు కాపీ రాసినట్టు ఒక్కో వాక్యం కిందా ఇంకో వాక్యం. సంతకం పెట్టి లేచేసరికి వేళ్ళు నొప్పి పుట్టాయి. నాగూర్ వలి కాగితాన్ని చాలాసేపు చేత్తో పట్టుకుని, జాగ్రత్తగా ఫైల్లో పెట్టాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు తోమా ఇంటికి వెళ్ళాడు. ఒళ్ళు తేలికగా ఉంది. ఆ తేలికదనం చూసుకుని కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. తోమా అరుగు మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. ఎలీసమ్మ గుమ్మం దగ్గర ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"టీకొట్టు దగ్గర చెప్పాను. స్టేషన్లో రాసిచ్చాను," అన్నాడు శివరామకృష్ణ.

ఎలీసమ్మ తలూపింది. మంచిదనీ అనలేదు, చల్లగా ఉండమనీ అనలేదు. తోమా గ్లాసు పక్కన పెట్టాడు.

"మాస్టారూ, కొంచెం కొంచెం గుర్తొస్తందండి," అన్నాడు. "ఆ రోజు పొద్దున్నే మీ వాకిట్లో నిలబడ్డట్టు గుర్తు. మీరు పంపు దగ్గర పళ్ళు తోముకుంటున్నారు. అమ్మగారు లేరు. నేను మిమ్మల్ని ఏదో అడిగాను. ఏమడిగానో రాత్రంతా తలుచుకున్నా రావట్లేదు. ఏమడిగానండీ?"

గొంతులో నిలదీసిన స్వరం ఏమీ లేదు. తన జ్ఞాపకం తనకు పూర్తిగా కావాలి, అంతే. ఆ వాకిట్లో ఆ పొద్దున ఇంకెవరూ లేరు. తోమాకు గుర్తు లేదు. 'పని ఎక్కడ మొదలెట్టాలి అని అడిగావు' అంటే సరిపోతుంది. నమ్ముతాడు. వారం కిందట తన చేతులనే కాదని మాస్టారి మాట నమ్మిన మనిషి.

చర్చిలో గానీ, టీకొట్టు దగ్గర గానీ, ఆ రెండో కాగితంలో గానీ అతను ఆ పొద్దుటి దాకా వెళ్ళలేదు. ప్రతిసారీ మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాడు. అలా మొదలుపెడుతున్నానని తనకే తెలియనట్టు మొదలుపెట్టాడు.

శివరామకృష్ణ అరుగు మీద, తోమా పక్కన కూర్చున్నాడు.

"డబ్బా మూత దగ్గర వాషరు పోయింది, వీపు మీద కారుతోందన్నావు. కొత్తది వేయించాక కొడతానన్నావు."

"మీరేమన్నారండి?"

"ఈ పూటకి కానిచ్చెయ్, రేపు వేయిద్దాం అన్నాను."

తోమా ఎదురింటి గోడ వంక చూశాడు. మొహంలో కోపం వస్తుందేమోనని శివరామకృష్ణ చూశాడు. వస్తే బాగుండు అనుకున్నాడు. రాలేదు.

"అదన్నమాట," అన్నాడు తోమా చివరికి. "అయితే నేను అడిగాను."

"అడిగావు."

తోమా గంజి గ్లాసు మళ్ళీ అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఎలీసమ్మ వేళ్ళు మిరపకాయల మీద ఆగి ఉన్నాయి. మొగుడి మొహంలోకీ, మాస్టారి మొహంలోకీ మార్చి మార్చి చూసింది.

"ఈ సంగతి కాయితంలో రాశారా?"

"లేదు."

ఆమె తొడిమ తీసిన కాయను కుప్పలో పడేసి, ఇంకోటి చేతిలోకి తీసుకుంది.

"రెండింటికి వినుకొండ ఆటో ఉంది మాస్టారూ," అంది.